కేస్ స్టడీ: కవలల్లో ఒకరికి స్కిజోఫ్రినియా, రెండోవాడి ప్రశ్న, నేను తప్పు చెప్పిన ఒక అంకె

ఈ కేసులో నేను ఒక అంకె తప్పు చెప్పాను, అది ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలిక. నేను క్లినికల్ సైకాలజిస్టుని. మానసిక జబ్బులున్న కుటుంబాలకి కొన్నేళ్లుగా జెనెటిక్ కౌన్సెలింగ్ కూడా చేస్తున్నాను, అంటే "ఇది నాకూ వస్తుందా, మా పిల్లలకీ వస్తుందా" అని అడిగేవాళ్లతో కూర్చుని తెలిసింది తెలిసినట్టు చెప్పడం. వాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను, ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

వచ్చినాయనకి 31 ఏళ్లు. కవలల్లో రెండోవాడు, అన్నకంటే 11 నిమిషాలు చిన్న. ఇంట్లో ఇప్పటికీ పెద్దోడు, చిన్నోడు అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. పెద్దోడికి 21వ ఏట స్కిజోఫ్రినియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని నమ్మకాలు కలగడం లాంటి లక్షణాలున్న మానసిక జబ్బు) మొదలైంది, రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్నాడు, ఇప్పుడు మందుల మీద బాగానే ఉన్నాడు, రోజుకి కొన్ని గంటలు పనికి కూడా వెళ్తున్నాడు. చిన్నోడికి పెళ్లయి రెండేళ్లు. సైకియాట్రిస్టు రిఫరల్ చీటీలో ఒక్క లైనే ఉంది: కవల సోదరుడికి స్కిజోఫ్రినియా, సంతానం విషయంలో రిస్క్ తెలుసుకోవాలనుకుంటున్నారు.

మొదటి రోజు చిన్నోడు, అతని భార్య, తల్లిదండ్రులు అందరూ వచ్చారు. నేను ఎప్పుడూ ముందు వంశవృక్షం గీస్తాను, మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి వృత్తం, మూడు తరాలు. మామూలుగా ఈ పని అరగంటలో అయిపోతుంది, ఇక్కడ గంట పట్టింది, ఎందుకంటే తల్లి తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి గది చల్లబడిపోయింది. ఆయన ఎక్కడా పనిలో నిలవలేదు, ఎవరితోనూ కలవలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేవాడు, ఏ డాక్టరుకీ చూపించలేదు. అది చెప్తుండగానే తండ్రి "అదుగో, నేనెప్పుడో చెప్పానుగా, వాళ్ల వైపు నుంచే వచ్చింది" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. పది నిమిషాల తర్వాత అదే తండ్రి "హాస్టల్లో ఆ గంజాయి తాగకపోతే వీడికి ఏమయ్యేది కాదు" అన్నారు. భార్య మీద కోపం వస్తే రక్తం, కొడుకు మీద కోపం వస్తే గంజాయి. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, ఈ గదిలో కూర్చున్న ప్రతి కుటుంబం ఈ రెండింటి మధ్యే ఊగుతుంది.

తర్వాత నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను, వీళ్లు ఐడెంటికల్ కవలలా, కాదా అని. "కాదండీ, రెండు మాయలు ఉన్నాయి, వేరువేరు కవలలే అని పురిట్లోనే చెప్పారు" అంది తల్లి. మాయ అంటే ప్లాసెంటా. నేను రాసుకున్నాను. అదీ తప్పు.

ఐడెంటికల్ కవలలంటే ఒకే పిండం రెండుగా విడిపోయినవాళ్లు, వేరువేరు కవలలంటే రెండు అండాల నుంచి వచ్చినవాళ్లు. ఆ చీలిక మొదటి మూడు రోజుల్లోనే జరిగిపోతే ఇద్దరికీ వేరువేరు మాయలు ఏర్పడతాయి. ఐడెంటికల్ కవలల్లో దాదాపు మూడో వంతు మంది ఇలాగే పుడతారు. కాబట్టి ఇద్దరూ నిజంగా ఒకే మాయని పంచుకుంటే (రెండు మాయలు అతుక్కుని ఒకటిలా కనిపించడం కాదు) ఐడెంటికల్ అని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు గానీ, రెండు ఉన్నంతమాత్రాన కాదని చెప్పలేం. ఇది నాకు తెలియని విషయం కాదు, నేనే నలుగురికి పాఠం చెప్పాను. కానీ పెద్దోడి ఫోటో ఫైల్లో ఉంది, పదేళ్లుగా వాడుతున్న మందులవల్ల ఒళ్లు బాగా వచ్చింది, గడ్డం, కళ్ల కింద ఉబ్బు. చిన్నోడు చూస్తే సన్నగా, చురుగ్గా. వీళ్లిద్దర్నీ పక్కపక్కన పెడితే ఒకే పోలిక అని ఎవరూ అనరు. నా కళ్లూ తల్లి మాటా ఒకటే చెప్తున్నాయి కదా అని ముందుకెళ్లిపోయాను.

ఆ రోజు చెప్పిన లెక్క ఇది. స్కిజోఫ్రినియా జీవితకాలంలో 100 మందిలో సుమారు ఒకరికి వస్తుంది. అమెరికా సైకాలజిస్టు ఇర్వింగ్ గాట్స్‌మన్ యూరప్ కుటుంబాల, కవలల అధ్యయనాలన్నీ కలిపి ఒక పట్టిక వేశాడు, ఈ పని చేసేవాళ్లందరికీ అది కంఠతా వచ్చు: జబ్బున్నవాళ్ల పిల్లల్లో 13 శాతం, తోబుట్టువుల్లో 9, తోబుట్టువుల పిల్లల్లో 4. చిన్నోడి బిడ్డ పెద్దోడికి తమ్ముడి బిడ్డ, కాబట్టి 100లో 4. ఆ మాట వినగానే భార్య ఊపిరి పీల్చుకుంది. చిన్నోడు మాత్రం తల ఊపి, గడియారం చూసుకుని, ఇంకోసారి ఒక్కడే రావచ్చా అని అడిగాడు.

రెండోసారి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. జేబులోంచి ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. అందులో 200కి పైగా వాయిస్ రికార్డింగులు, ఒక్కోటి పది, ఇరవై సెకన్లు. రాత్రిపూట ఏదైనా శబ్దం వినిపిస్తే, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టనిపిస్తే, వెంటనే రికార్డింగ్ నొక్కి, తర్వాత వెనక్కి పెట్టి వింటాడట. రికార్డింగులో శబ్దం ఉంటే అది నిజం, లేకపోతే "మొదలైంది" అని లెక్క. అన్నయ్య మొదటిసారి జబ్బు పడినప్పుడు "నిన్ను కాదు పిలిచింది" అని రాత్రంతా అతనికి నచ్చజెప్పింది ఇతనే. అప్పటినుంచి పదేళ్లుగా తనమీద తానే కాపలా.

ఇద్దరం ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని ఒక నలభై విన్నాం. తలుపు చప్పుడు, వాన, పక్కింట్లో టీవీ, ఒకదాంట్లో అతని భార్య నిజంగానే పిలుస్తోంది. అన్నింట్లోనూ ఏదో ఒక శబ్దం ఉంది. "మరి లేని రికార్డింగులేవీ?" అని అడిగితే "రెండో మూడో ఉండాలి" అని వెతుకుతూ వేలు జారి ఫోటోల్లోకి వెళ్లాడు. స్కూల్ ఫోటో ఒకటి తెరమీదికొచ్చింది, పద్నాలుగేళ్ల పిల్లలిద్దరు, ఒకే యూనిఫామ్.

ఇందులో మీరెవరు అని అడిగాను. "ఇది నేను" అన్నాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "కాదు కాదు, ఇది వాడు."

నా గుండె గుభేల్‌మంది. అచ్చు గుద్దినట్టున్నారు, చెవి తమ్మెల దగ్గర్నుంచి పళ్ల వరుస దాకా. అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సినవి: చిన్నప్పుడు టీచర్లు తికమకపడేవారా, అమ్మానాన్నలు పొరబడేవారా, కొత్తవాళ్లు ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేవారా. ఇలాంటి కొన్ని ప్రశ్నలే రక్తపరీక్ష, డీఎన్ఏ పరీక్షలతో పోల్చి చూస్తే 95 శాతం దాకా సరిగ్గా చెప్తాయి. అన్నింటికీ అవుననే జవాబు. మేమిద్దరం ఐడెంటికల్ కాదని ఇంట్లో చెప్తుంటే మాకే నవ్వొచ్చేది అన్నాడు.

పరీక్ష చేయాలంటే పెద్దోడి నమూనా కూడా కావాలి. అతనికి జబ్బుంది కాబట్టి తల్లిదండ్రులు సంతకం పెడితే చాలనుకోవడం చాలాచోట్ల చూస్తుంటాం, అది సరికాదు. అతను బాగున్నాడు, మాట అర్థమవుతుంది, నిర్ణయం అతనిదే. పిలిపించి కూర్చోబెట్టి చెప్పాను, మీ తమ్ముడి బిడ్డ గురించి ఒక లెక్క తేల్చుకోవడానికి మీ బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపాలి, ఫలితం వల్ల మీ వైద్యంలో ఏమీ మారదు, వద్దంటే మానేద్దాం అని. కాసేపు ఆలోచించి, "ఒకటే అని తేలితే, వాడిలో ఉన్నదే నాలోనూ ఉన్నట్టు కదా" అన్నాడు. ఆ ఇంట్లో అప్పటిదాకా అందరూ ఈ వాక్యాన్ని రెండో వైపు నుంచే అనుకుంటున్నారు, పెద్దోడిలో ఉన్నది చిన్నోడిలోనూ ఉందా అని. నేను కూడా.

మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. చూసిన డీఎన్ఏ గుర్తులన్నీ కలిశాయి, ఐడెంటికల్. అందర్నీ మళ్లీ పిలిచి, మొదటి రోజు చెప్పిన అంకె తప్పని, తప్పు నాదేనని చెప్పాను. తండ్రి ముఖం మాడింది. ఆ తర్వాత గంటన్నర నేను చెప్పింది రాస్తాను, ఎందుకంటే ఈ కేసులో ఉపయోగపడేది అదే.

ఒకటి, చిన్నోడి సొంత రిస్క్. ఐడెంటికల్ కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్లకి వచ్చే అవకాశం గాట్స్‌మన్ పట్టికలో 48 శాతం. 2018లో డెన్మార్క్ జాతీయ రిజిస్టర్‌ల నుంచి వచ్చిన లెక్కలో 33 శాతం, వేరువేరు కవలల్లో 7. ఏది తీసుకున్నా ఒక మాట స్పష్టం, జన్యువులు పూర్తిగా ఒకటే అయినా సగం కంటే ఎక్కువమందిలో రెండోవాళ్లకి రాలేదు. ఇంకోటి, ఆ అంకె జీవితం మొత్తానికి. మగవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా టీనేజీ చివర్నుంచి ఇరవైల మధ్యలోపు మొదలవుతుంది, కవలల్లో రెండోవాళ్లకి వచ్చేట్టయితే మొదటివాళ్ల తర్వాత కొన్నేళ్లలోనే ఎక్కువగా వస్తుంది. పెద్దోడికొచ్చి పదేళ్లు దాటింది, చిన్నోడికి 31. కాబట్టి అతని ముందున్న రిస్క్ 48 కాదు, 33 కూడా కాదు, చాలా తక్కువ. రిపోర్టు చూసి అతను భయపడింది దేనిగురించో అక్కడ పరిస్థితి నిజానికి బాగానే ఉంది.

రెండు, బిడ్డ సంగతి. ఇక్కడ అతను అనుకున్నదానికి రివర్స్. తను బాగున్నాడు కాబట్టి బిడ్డకీ తక్కువే ఉంటుందనుకున్నాడు. 1989లో గాట్స్‌మన్, బెర్టెల్సన్ కలిసి డెన్మార్క్ కవలల పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో చూశారు. జబ్బున్న ఐడెంటికల్ కవలల పిల్లల్లో 16.8 శాతం మందికి స్కిజోఫ్రినియా లేదా దానికి దగ్గరి జబ్బులు కనిపించాయి. జబ్బు రాని కవలల పిల్లల్లో 17.4 శాతం. అంటే తల్లిలోనో తండ్రిలోనో ఆ జబ్బు ఎప్పుడూ బయటపడకపోయినా, దాన్ని మోసే జన్యువులు మాత్రం చప్పుడు చేయకుండా పిల్లలకి అందాయి. వేరువేరు కవలల్లో జబ్బు లేనివాళ్ల పిల్లల్లో ఇది 2.1 శాతమే. అదే ఏడాది నార్వే నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో జబ్బు రాని కవలల పిల్లల్లో శాతం బాగా తక్కువగా వచ్చింది, కానీ రెండుచోట్లా చూసిన పిల్లల సంఖ్య చిన్నది, అందుకని దశాంశాలని పట్టుకుని వేలాడకూడదు. నేను చెప్పిన మాట ఇది: 4 అన్నది మర్చిపోండి, దానికంటే ఎక్కువే, 13 నుంచి 17 దాకా ఉండొచ్చని అనుకుని నిర్ణయించుకోండి. చిన్నోడి భార్య కాగితం మీద ఏదో రాసుకుని, "అంటే 100లో 83 మందికి రాదు, అంతేనా?" అంది. అంతే.

"జీన్ టెస్ట్ చేసి తేల్చేయొచ్చు కదా" అని చిన్నోడు అడిగాడు. పెద్దోడికి సైకియాట్రిస్టు ముందే క్రోమోజోముల మైక్రోఅరే (ముక్కలు తప్పిపోయాయా, ఎక్కువున్నాయా అని చూసే పరీక్ష) చేయించారు, ముఖ్యంగా 22వ క్రోమోజోములో ఒక ముక్క లేకపోవడం అనే మార్పు కోసం, ఎందుకంటే అది ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి) వస్తుంది. అది లేదు. లేదంటే జన్యువుల పాత్ర లేదని కాదు. 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 76,755 మంది రోగుల్ని చూస్తే జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, 287 చోట్ల ఈ జబ్బుకి సంబంధించిన తేడాలు దొరికాయి, ఒక్కోటీ రిస్క్‌ని గోరంత పెంచుతుంది. వాటన్నింటినీ కూడి ఒక స్కోరు ఇచ్చే పరీక్షలు ఉన్నాయి, కానీ ఇక్కడ ఆ స్కోరు అన్నదమ్ములిద్దరికీ ఒకటే వస్తుంది కదా, ఒకడికి వచ్చి ఒకడికి ఎందుకు రాలేదో అది చెప్పలేదు.

ఇక తండ్రి ప్రశ్న. ఆయన ఇంటర్నెట్‌లో చదివొచ్చారు, 2018 నాటి ఆ డెన్మార్క్ అధ్యయనంలో హెరిటబిలిటీ (మనుషుల మధ్య తేడాల్లో జన్యువుల వాటా) 79 శాతం అని. "అంటే మావాడి జబ్బులో 79 పాళ్లు రక్తం, 21 పాళ్లు గంజాయి అన్నమాట." ఇలా అడగనివాళ్లు లేరు, చదువుకున్నవాళ్లే ఎక్కువగా అడుగుతారు. ఒక పరీక్ష హాలు ఊహించుకోండి అన్నాను. అన్ని బల్లల మీదా ఒకేలా లైటు పడుతోంది, కొందరు పేపరు బాగా చదవగలుగుతున్నారు, కొందరు చదవలేకపోతున్నారు, అప్పుడు ఆ తేడా దాదాపు మొత్తం కళ్లదే. అదే హాల్లో సగం లైట్లు తీసేయండి, ఇప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే పెద్ద తేడా. కళ్లు మారలేదు, కళ్ల వాటా శాతం పడిపోయింది. హెరిటబిలిటీ ఆ హాలు మొత్తం మీద తేడాల లెక్క, నాలుగో వరసలో కూర్చున్న పిల్లాడికి పేపరు ఎందుకు కనపడలేదో అది చెప్పదు. ఆ పిల్లాడి విషయంలో లైటూ కావాలి, కళ్లూ కావాలి, పాళ్లుగా విడదీయలేం. ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపారు గానీ పూర్తిగా ఒప్పుకోలేదని నా అనుమానం.

గంజాయి విషయం దాటేయలేను. 1987లో స్వీడన్ నుంచి 45,000 మందికి పైగా సైన్యానికి పిలుపొచ్చిన కుర్రాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో, 18 ఏళ్లలోపే 50 సార్లకి మించి వాడినవాళ్లలో తర్వాత స్కిజోఫ్రినియా ఆరు రెట్లు కనిపించింది. పెద్దోడు 17వ ఏట హాస్టల్‌కి వెళ్లాడు, రోజూ తాగేవాడు, నిద్ర ఉండేది కాదు. చిన్నోడు వేరే కాలేజీలో, ఇంటి నుంచే చదివాడు, దాని జోలికి పోలేదు. ఒకే జన్యువులు, రెండు దారులు, కథ ఇక్కడితో కుదిరిపోయినట్టే ఉంటుంది. కానీ తల్లితో విడిగా మాట్లాడినప్పుడు, పదిహేనేళ్లకే పెద్దోడు ఆటలు మానేసి గదిలో ఒక్కడే కూర్చోవడం మొదలెట్టాడని గుర్తుచేసుకుంది, అప్పటికి గంజాయి లేదు. మరి జబ్బు ముందే చిగురు తొడిగి, ఆ అశాంతే గంజాయి వైపు తోసిందా? స్కిజోఫ్రినియా రిస్క్ పెంచే జన్యు తేడాలు కొంతవరకు గంజాయి అలవాటుకి కూడా దారితీస్తాయని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. అంటే మనం వాతావరణం అనుకునేదాంట్లో కూడా జన్యువుల చెయ్యి ఉంటుంది. అందుకని ఫైల్లో "కారణం: గంజాయి" అని రాయలేదు, రిస్క్ పెంచినవాటిలో ఒకటి అని రాశాను. పుట్టినప్పుడు పెద్దోడు 400 గ్రాములు తక్కువ బరువు ఉన్నాడు, అదీ రాశాను, దానికీ అంతకుమించి బరువు ఇవ్వలేదు. మెదడు ఎదిగేటప్పుడు ఊరికే జరిగే చిన్నచిన్న హెచ్చుతగ్గులు కూడా ఉంటాయి, ఏ అలవాటుకీ ఏ పెంపకానికీ అంటగట్టలేనివి. కుటుంబాలకి నచ్చని జవాబు ఇదే, ఎందుకంటే తిట్టడానికి ఎవరూ దొరకరు.

తల్లి ఎక్కువసేపు ఏడ్చింది పెంపకం దగ్గరే. 1948లో ఒక సైకియాట్రిస్టు "స్కిజోఫ్రినియా తెప్పించే తల్లి" అనే మాట తెచ్చిపెట్టింది, ముప్పై ఏళ్లపాటు తల్లులు ఆ నింద మోశారు. ఆధారాలు నిలవక వైద్యం దాన్ని వదిలేసింది, ఇళ్లు వదల్లేదు. తల్లి పెంపకం వల్ల ఈ జబ్బు రాదు, అది ఖాయంగా చెప్పాను. అయితే జబ్బు వచ్చాక ఇంటి వాతావరణం లెక్కలోకి వస్తుంది. 1976లో వాన్, లెఫ్ అనే పరిశోధకులు లండన్‌లో చూపించింది ఇదే, ఎప్పుడూ తప్పులెంచే, మరీ మీద పడిపోయే ఇంటికి తిరిగెళ్లినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఇది తండ్రిని ఒక్కర్నే కూర్చోబెట్టి చెప్పాను. రోజుకి ఎన్నిసార్లు "నువ్వు తాగకపోయుంటే" అంటారో ఒక వారం లెక్కపెట్టుకుని రమ్మన్నాను. వారం తర్వాత వచ్చి, లెక్కపెట్టడం మూడో రోజే మానేశానన్నారు. ఎందుకండీ అంటే, "సిగ్గేసింది" అన్నారు.

చిన్నోడికి జరగాల్సిన పని జన్యువులతో సంబంధం లేనిది. సైకియాట్రిస్టు కూడా చూశారు, సైకోసిస్ లక్షణాలేవీ లేవు, ఉన్నది ఆందోళన, పదేళ్ల కాపలా. రికార్డింగ్ నొక్కిన ప్రతిసారీ కాసేపు ప్రాణం కుదుటపడుతుంది, ఆ కుదుటపడటమే మళ్లీ నొక్కమంటుంది. నేను "మీకేం కాదు" అని ధైర్యం చెప్పడం కూడా ఇంకో రికార్డింగ్ లాంటిదే, అందుకని అది మానుకున్నాను. వరుసగా పన్నెండు సెషన్లు, మొదట శబ్దం వినగానే నొక్కకుండా ఐదు నిమిషాలు ఆగడం, తర్వాత పదిహేను, తర్వాత ఫోన్ వేరే గదిలో. పేరు పిలిచినట్టు అప్పుడప్పుడు వినిపించడం, ముఖ్యంగా నిద్రపట్టేముందు, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా మామూలేనని ఒక్కసారి చెప్పాను, రెండోసారి అడిగితే చెప్పలేదు. కోప్పడ్డాడు.

నా పద్ధతిలో మారింది ఒక్కటే. ఇప్పుడు కవలల కేసులో మాయ గురించి ఎవరు ఏం చెప్పినా పదిహేనేళ్లలోపు ఫోటో ఒకటి తెమ్మంటున్నాను, వంశవృక్షం గీయకముందే.

14 నెలల తర్వాత ఫాలో అప్‌కి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆమెకి ఐదో నెల. అంకె గురించి ఇద్దరూ ఎత్తలేదు. బిడ్డకి టీనేజీ వచ్చాక ఏయే మార్పులు గమనించాలి, అప్పటికి గంజాయి గురించి ఇంట్లో ఎలా మాట్లాడాలి, మరీ ముందుగా భయపెట్టకుండా ఎలా, ఇవే అడిగారు, చెప్పాను. పెద్దోడి మందు మోతాదు సైకియాట్రిస్టు కొంచెం తగ్గించారట, ఒళ్లు తగ్గుతోందట. లేచి వెళ్లబోతూ చిన్నోడు ఫోన్ చూపించాడు, నెలలో రెండే రికార్డింగులు. వినమంటారా అని అడిగాడు. వద్దన్నాను.